అందరికీ ఉచితంగా ఇచ్చేదానికి ఇంత కష్టం దేనికమ్మా?

ఈ వారం ఉత్తరం హైదరాబాద్ నుంచి వచ్చింది. తన పేరు, కాలేజీ పేరు వెయ్యొద్దన్నారు. ఆరు పేజీలు రాశారు. ముఖ్యమైన సంగతులు కుదించి ఇస్తున్నాను.

ఆవిడకు ముప్పై నాలుగేళ్లు. కంప్యూటర్ సైన్స్‌లో పీహెచ్‌డీ. ఐదేళ్లుగా నగర శివార్లలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్. భర్తది ఐటీ ఉద్యోగం. పాపకు అయిదేళ్లు. అత్తగారు వీళ్ల దగ్గరే ఉంటారు. ఫ్లాట్ మీద నెలకు నలభై ఎనిమిది వేల ఈఎంఐ ఇంకా పదకొండేళ్లు కట్టాలి.

పీహెచ్‌డీ రోజుల్లోనే ఆవిడ ఒక సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టారు. మెషిన్ లెర్నింగ్ పేపర్లతో పాటు రచయితలు ఇచ్చే కోడ్ నిజంగా నడుస్తుందా, నడిస్తే పేపర్లో వేసిన అంకెలే వస్తున్నాయా అని సరిచూసే పనిముట్టు అది. "పేపర్లో 94 శాతం అని ఉంటుంది. కోడ్ నడిపితే 81 వస్తుంది. తేడా ఎక్కడ కొట్టిందో చూపిస్తుంది" అని రాశారు. కోడ్ ఏడేళ్లుగా, ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చనే ఎమ్ఐటీ లైసెన్స్‌తో, కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైటులో అందరికీ కనబడేలా ఉంది. తనిఖీ ఫలితాలు ఒకే కంపెనీ చేతిలో ఉండకూడదని, ఒక్కో ఫలితాన్ని నానోపబ్లికేషన్ అనే ఒక్కో చిన్న రికార్డుగా వేర్వేరు సర్వర్లలో పెట్టే ఏర్పాటు కూడా చేశారు. జీతం లేని పని. పాప పడుకున్నాక, రాత్రి పదకొండు నుంచి ఒంటిగంట దాకా.

కాలేజీలో ఏటా ఒక ఎక్సెల్ షీట్ వస్తుంది. స్కోపస్ అనే జాబితాలోని జర్నళ్లలో వచ్చిన పేపర్లు ఒక గడి, పేటెంట్లు ఒక గడి, కన్సల్టెన్సీ రూపాయలు ఒక గడి. సాఫ్ట్‌వేర్‌కు గడి లేదు. ఏడాదికి మూడు పేపర్లు కావాలి, ఆవిడవి ఒకటి. ప్రమోషన్ రెండోసారి ఆగింది. ఈ మధ్య హెచ్‌ఓడీ పిలిచి, "ఆ కోడ్‌ను గిట్‌హబ్‌లో కనబడకుండా చేసెయ్యి, పేటెంట్ వేద్దాం, డైరెక్టర్ గారి పేరు, నా పేరు కూడా పెట్టు, నీ గడి నిండుతుంది" అన్నారు. సోమవారం దీని మీద మీటింగ్.

"అదే రోజు రాత్రి బ్రెజిల్ నుంచి ముక్కూ మొహం తెలియని ఒక విద్యార్థి, నా కోడ్‌లో మూడేళ్లుగా ఎవరి కంటా పడని తప్పు పట్టుకుని, దిద్ది పంపాడు. కింద 'మీ సాఫ్ట్‌వేర్ లేకపోతే నా థీసిస్ ఆగిపోయేది' అని రాశాడు. పొద్దున షీట్‌లో సున్నా, రాత్రి ఆ మాట. ఈ రెండిట్లో నేను ఏదండీ?"

చేతిలో రెండు అవకాశాలున్నాయి. ఒకటి, డీసై అని ఈ మధ్య వింటున్న బ్లాక్‌చెయిన్ సైన్స్ కంపెనీల్లో ఒకటి. ఇంట్లోంచే పని, నెలకు రెండున్నర వేల డాలర్లకు సమానమైన స్టేబుల్‌కాయిన్లు, అంటే డాలరు విలువకు కట్టేసిన డిజిటల్ నాణేలు, పైన టోకెన్లు, అంటే ఆ కంపెనీ సొంత డిజిటల్ నాణేలు. రెండోది, నెదర్లాండ్స్‌లో ఒక యూనివర్సిటీలో రెండేళ్ల కాంట్రాక్టు, రీసెర్చ్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌గా. భర్త "నీ ఇష్టం" అంటారట, కానీ ఆ రెండు మాటల తర్వాత చాలాసేపు మాట్లాడరట. అత్తగారు మాత్రం ఒకరోజు భోజనాల దగ్గర, "అందరికీ ఉచితంగా ఇచ్చేదానికి ఇంత కష్టం దేనికమ్మా?" అన్నారట. ఆ మాటకు ఆవిడ ఆ రాత్రి నిద్రపోలేదు.

అమ్మా, మీ ఆరు పేజీల్లోకీ మంచి ప్రశ్న మీ అత్తగారిదే. ఆవిడ ఎత్తిపొడిచారని మీరనుకున్నారు. నాకలా అనిపించలేదు. ఇల్లు నడిపిన మనిషి ఎవరైనా అడిగేదే అది. ఊరికే వచ్చేది ఏదీ ఉండదు, మరి దీనికి ఖర్చు ఎవరు పెడుతున్నారు అని. భౌతిక శాస్త్రం వాళ్లూ కంప్యూటర్ సైన్స్ వాళ్లూ పేపర్లు పెట్టుకునే ఆర్కైవ్ (arXiv) అనే సైటు ఉంది కదా, దాన్ని ఏళ్ల తరబడి కార్నెల్ యూనివర్సిటీ, సైమన్స్ ఫౌండేషన్, కొన్ని వందల లైబ్రరీలు కలిసి మోస్తూ వచ్చాయి. ఉచితంగా చదవనిచ్చే బ్రెజిల్ వాళ్ల సైఎలో జర్నళ్ల వెనక సావో పాలో రాష్ట్రం డబ్బుంది. మీ సాఫ్ట్‌వేర్ వెనక మీ నిద్ర ఉంది. పైన చెప్పినవాటికీ మీదానికీ తేడా అంతే. అందుకని "ఓపెన్‌గా ఉండాలా వద్దా" అన్నది కాసేపు పక్కన పెట్టి, ఇకమీదట దీని ఖర్చు ఎవరు భరించాలి అన్నది చూద్దాం. మిగతా చిక్కులు చాలావరకు అక్కడే విడిపోతాయి.

ముందు సున్నా సంగతి. మీకొక పాత కథ చెప్తాను. 1991 ఆగస్టులో లాస్ అలమోస్ ల్యాబులో పాల్ గిన్స్‌పార్గ్ అనే ఫిజిక్స్ ఆయన ఆ ఆర్కైవ్‌ను మొదలుపెట్టాడు. అది ఆయన ఉద్యోగం కాదు, పక్కన చేసుకున్న పని. పదేళ్లలో భౌతిక శాస్త్రం చదివే పద్ధతే మారిపోయింది. 2001లో ఆయన కార్నెల్‌కు మారే ముందు, ల్యాబు వాళ్లు జీతం కోసం వేసిన మదింపులో ఏం రాశారో తెలుసా? ల్యాబు లెక్కన సగటు ఉద్యోగి, చెప్పుకోదగ్గ కంప్యూటర్ నైపుణ్యం లేదు, ఈయన పోతే ఇంకొకరిని తేలిగ్గా పెట్టుకోవచ్చు, పైగా జీతం ఎక్కువ! కార్నెల్ ఫిజిక్స్ విభాగం పెద్దాయన అది చూసి, సైన్స్ చదివే తీరునే మార్చేశాడని రాయడానికి పాపం వాళ్ల ఫారంలో గడి లేదు కాబోలు అని నవ్వాడు. ఆ మరుసటి ఏడే గిన్స్‌పార్గ్‌కు అమెరికాలో పేరున్న మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది.

అయితే ఈ కథ విని మీరు ఊరడిల్లితే నాకిష్టం లేదు. ఆయనకు కార్నెల్ దొరికింది. గడి లేక అలాగే మరుగునపడ్డవాళ్ల కథలు మనదాకా రావు. షీట్ మీ విలువ చెప్పదు, నిజమే, కానీ మీ జీతం చెప్తుంది. కాబట్టి దాన్ని కోపంతో వదిలేయకూడదు. ఆ షీట్‌కు అర్థమయ్యే భాషలోకి మీ పనిని ఎంతవరకు మార్చగలమో చూడాలి.

ఇక మీ ఉత్తరంలో మూడు మాటలు ముడిపడిపోయాయి, ఓపెన్, డీసెంట్రలైజ్డ్, టోకెన్. మూడూ ఒకటే అన్నట్టు రాశారు. ఆ కంపెనీ వాళ్లు కూడా అలాగే మాట్లాడి ఉంటారు.

ఓపెన్ అంటే ఎవరైనా చదవొచ్చు, వాడొచ్చు. ఇది ఇంటర్నెట్ కన్నా పాతది. మా రోజుల్లో రీప్రింట్ కార్డులుండేవి. పేపరు కావాలంటే రచయితకు ఒక కార్డు ముక్క పోస్టులో పడేసేవాళ్లం. రెండు నెలలకు ఒక కవరు వచ్చేది, లోపల పేపరు. నేనెవరో ఆయనకు తెలియదు, అయినా తపాలా బిళ్లలు తన డబ్బుతో అంటించి పంపేవాడు. ఓపెన్ సైన్స్ అన్నది అలాంటి అలవాటు. ఏ ఉద్యోగంలో ఉన్నా కొంత నిలుపుకోవచ్చు.

డీసెంట్రలైజ్డ్ అంటే వికేంద్రీకరణ, ఆ మాట అనగానే మనవాళ్లకు మూడు రాజధానులు గుర్తొస్తాయి, ఆ గొడవ ఇక్కడ వద్దు. సైన్స్‌లో దీనర్థం, తాళంచెవి ఒక్కరి చేతిలోనే ఉండకపోవడం. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా మీరూ వాడే ఉంటారు. మన కాటూరులో పుట్టి 1994లో, కంప్యూటర్ రంగంలో అన్నిటికన్నా పెద్దదైన ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారి చొరవతో నడిచిన పది లక్షల పుస్తకాల ప్రాజెక్టులో భాగం అది. వేలకొద్దీ తెలుగు పుస్తకాలు స్కాన్ చేశారు. తర్వాత ఒకరోజు ఆ సైటు ఆగిపోయింది. ఇవాళ ఆ పాత పుస్తకాలు మనకు దొరుకుతున్నాయంటే, కార్ల్ మాలమూద్ లాంటి వాళ్లు ముందే లక్షల పుస్తకాలకు నకళ్లు తీసి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టబట్టే. ఇంకోచోట నకలు ఉంది, అంతే, ఏ బ్లాక్‌చెయినూ లేదు. కోడ్‌లో మార్పులన్నీ గుర్తుపెట్టుకునే గిట్, మీరు రోజూ వాడేదే, అది కూడా అలాంటిదే కదా. ప్రతి క్లోన్‌లోనూ, అంటే ప్రతి నకలులోనూ, చరిత్ర మొత్తం ఉంటుంది. మీ నానోపబ్లికేషన్లూ అంతే. ఒక చిన్న శాస్త్రీయ వాక్యం, అది ఎక్కణ్నుంచి వచ్చింది, ఎవరు ప్రకటించారు అన్న మూడు ముక్కలు కట్టగట్టి పలు సర్వర్లలో పెట్టడం. ఆమ్‌స్టర్‌డామ్‌లో టోబియాస్ కున్ లాంటి పరిశోధకులు ఏ నాణెం లేకుండానే ఈ పని ఏళ్లుగా చేస్తున్నారు.

టోకెన్ అన్నది డబ్బు సంగతి. దాన్ని డబ్బుగానే చూడండి.

ఇప్పుడు తొందరపడి తేల్చాల్సింది పేటెంట్ విషయం, ఎందుకంటే సోమవారం దగ్గర్లో ఉంది. నేను లాయర్ను కాను, ఒక లాయర్కు కాయితాలు చూపించి తీరాలి. అయినా తెలిసినంత చెప్తాను. మన పేటెంట్ చట్టం సెక్షన్ 3(కె) ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రాం ఒక్కదానికే పేటెంట్ రాదు. ఏదో పరికరంతో కలిపి కథ అల్లుతారనుకోండి, అప్పుడు కూడా కొత్తదనం కావాలి. ఏడేళ్లుగా లోకమంతా చూస్తున్నది కొత్తది ఎలా అవుతుంది? గిట్‌హబ్‌లో ఇప్పుడు దాచినంత మాత్రాన ఏడేళ్ల క్రితం బయటపెట్టింది బయటపెట్టినట్టే. ఎమ్ఐటీ లైసెన్స్‌తో తీసుకున్నవాళ్ల దగ్గరున్న నకళ్లు వెనక్కి రావు. ఇక ఇన్వెంటర్లు. దరఖాస్తులో అసలు కనిపెట్టిందెవరో ప్రకటించాలి. ఒక్క లైను రాయనివాళ్ల పేర్లు పెట్టి మీరు సంతకం చేస్తే అబద్ధం మీ చేతిమీదుగా వెళ్తుంది.

మీ హెచ్‌ఓడీకి ఇవన్నీ తెలియవనుకోను. పేటెంట్ వస్తుందని ఆయన ఆశ పెట్టుకుని ఉండరు. దరఖాస్తు వేస్తే పద్ధెనిమిది నెలలకు, తొందరగా ప్రచురించమని ఫారం 9 ఇస్తే ఇంకా ముందే, పేటెంట్ ఆఫీసు జర్నల్లో ప్రచురిస్తారు. చాలా కాలేజీలకు ఆ ప్రచురణే చాలు, ర్యాంకింగు ఫైలులో "పేటెంట్లు ప్రచురితం" అని ఒక అంకె పెరుగుతుంది. ఆయనకు కావలసింది అంకె. ఆ సంగతి గుర్తుంటే ఆయనతో పోట్లాడకుండానే మాట్లాడొచ్చు.

ఒక జాగ్రత్త. కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి యజమాని సంస్థే. మీ కోడ్‌లో కొంత పీహెచ్‌డీ నాటిది, కొంత ఈ ఐదేళ్లది. అందుకని ఈ రాత్రే రెండు పనులు చేయండి. గిట్ లాగ్, అంటే కోడ్ మార్పుల చిట్టా, మొత్తం తేదీలతో సహా దింపి ప్రింటు తీసుకోండి, చేరకముందు రాసినదేదో చేరాక రాసినదేదో విడివిడిగా కనబడాలి. మీ అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో మేధో సంపత్తి గురించి ఒక పేరా ఉంటుంది, చేరినరోజు ఎవరూ చదవరు, ఇప్పుడు చదవండి. పీహెచ్‌డీ చేసిన సంస్థకు కూడా ఒక పాలసీ ఉంటుంది, అదీ తిరగేయండి. గిట్‌హబ్‌లో కోడ్ ఉన్న రిపాజిటరీని మాత్రం దాచొద్దు. బయట ఉన్న కోడ్‌ను పదిలపరిచే సాఫ్ట్‌వేర్ హెరిటేజ్ వాళ్లు దాని నకలు తీసుకున్నారో లేదో చూసి, లేకపోతే భద్రపరచమని సైటులోనే కోరండి. పరిశోధన ఫైళ్లు భద్రపరిచే జెనోడో సైటులో ఒక రిలీజ్ పెడితే డీఓఐ, అంటే శాశ్వత గుర్తింపు సంఖ్య, వస్తుంది, తేదీతో సహా.

కాలేజీలోనే ఉండిపోవడం మొదటి దారి. ఇది ఓటమి అని మీరు రాశారు, నేను ఒప్పుకోను. జర్నల్ ఆఫ్ మెషిన్ లెర్నింగ్ రీసెర్చ్ (జేఎమ్ఎల్ఆర్)లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కే ఒక విభాగం ఉంది, నాలుగు పేజీల పేపరు. రాసేవాళ్లకు ఖర్చు లేదు, చదివేవాళ్లకూ లేదు, స్కోపస్‌లోనూ ఉంది. మీ పని అక్కడికి సరిగ్గా సరిపోతుంది. కోడ్‌నూ, దాని డాక్యుమెంటేషన్‌నూ గట్టిగానే పరీక్షిస్తారు, కాబట్టి ఆర్నెల్లో ఏడాదో పడుతుంది. జర్నల్ ఆఫ్ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అని 2016 నుంచి ఇంకొకటి నడుస్తోంది, సమీక్ష అంతా గిట్‌హబ్‌లో బహిరంగంగానే జరుగుతుంది. అది మీ కాలేజీ లెక్కలోకి వస్తుందో రాదో పంపేముందే రాతపూర్వకంగా అడగండి. పాత ఫలితాలను మళ్లీ చేసి చూపే పేపర్లకు రీసైన్స్ సి అనే జర్నల్ ఉంది. మీ పనిముట్టు పట్టుకున్న ఆ 94కూ 81కీ మధ్య తేడాల్లో ఒక్కోటి ఒక్కో పేపరు కాగలదు, మీ ఎంటెక్ పిల్లలకు ప్రాజెక్టు కూడా అవుతుంది.

యూజీసీ 2025లో, తాను ఒప్పుకునే జర్నళ్ల కేర్ జాబితాను ఎత్తేసి, జర్నళ్ల మంచిచెడ్డలు సంస్థలే తేల్చుకోమంది. అంటే మీ షీట్‌లో గడులు ఢిల్లీ నుంచి రాలేదు, మీ కాలేజీ గీసుకున్నవే, ఇంకో గడి కూడా గీయొచ్చు. "సమీక్షించిన సాఫ్ట్‌వేర్" అనే గడి పెట్టమని ఒక పేజీ ప్రతిపాదన రాసివ్వండి. మొదటిసారే ఒప్పుకుంటారని నేననను.

ఈ దారిలో ఉండే కష్టం కూడా చెప్పాలి. పేటెంట్‌కు కాదన్నాక మీకు ఆ విభాగంలో ఎండాకాలం మొదలవుతుంది. ల్యాబు డ్యూటీలు, అడ్మిషన్ల డ్యూటీలు, కాలేజీకి గ్రేడు ఇచ్చే నాక్ వాళ్ల ఫైళ్లు మీ బల్ల మీదికి వస్తాయి. ఇంకో ఏడాదిన్నర ఓర్చుకోగలరా? జీతం నికరం, పాప స్కూలు మారదు, ఈఎంఐకి ఢోకా లేదు. కానీ రాత్రి పదకొండు నుంచి ఒంటిగంట దాకా అన్నది అలాగే ఉంటుంది, అది మార్చకపోతే మీ ఒళ్లు చెప్తుంది.

ఇక డీసై కంపెనీ. వీళ్లంతా మోసగాళ్లని నేను కొట్టిపారేయను. 2021లో మొదలైన వీటాడావో దీర్ఘాయువు పరిశోధనలకు నిజంగానే డబ్బిచ్చింది, 2023లో ఫైజర్ పెట్టుబడి విభాగం కూడా అందులో చేరింది. పేపర్లు సమీక్షించినవాళ్లకు టోకెన్లు ఇచ్చే రీసెర్చ్‌హబ్ ఉంది. గ్రాంటు కమిటీల చుట్టూ మూడేళ్లు తిరిగినవాళ్లకు ఇవి ఎందుకు నచ్చుతాయో నాకు తెలుసు.

మీకు రాసిచ్చిన ఆఫర్‌ను మాత్రం మీ అత్తగారి కళ్లతో చదవండి. మీరు ఉద్యోగి కారు, కాంట్రాక్టరు. పీఎఫ్ లేదు, గ్రాట్యుటీ లేదు, కుటుంబానికి ఇన్సూరెన్స్ లేదు. ఫారం 16 లాంటి జీతం కాయితం ఉండదు కాబట్టి రేపు బ్యాంకుకు వెళ్తే మీరు ఎవరో వాళ్లకు తెలియదు. టోకెన్లు ఏడాది దాటాకే చేతికొస్తాయన్నారు. వచ్చినరోజు వాటి విలువ మీద మామూలు ఆదాయపన్ను, తర్వాత అమ్మితే లాభం మీద 30 శాతం. ఒకదాంట్లో పోయింది ఇంకోదాంట్లో వచ్చినదానికి చెల్లు పెట్టుకోడానికి 2022 నుంచి మన చట్టం ఒప్పుకోదు. అమ్మినప్పుడు ఒక శాతం టీడీఎస్ కూడా. స్టేబుల్‌కాయిన్లను రూపాయలు చేసుకునే దారి ఏమిటో, అది ఏ లెక్కలోకి వస్తుందో ముందే ఒక ఆడిటర్‌ను కూర్చోబెట్టి అడగండి. జీతం ఆగితే ఎవరి మీద కేసు వేస్తారు? డావో, అంటే టోకెన్లున్నవాళ్లు ఓట్లతో నడుపుకునే సంఘం, దానికి మన చట్టంలో విడిగా గుర్తింపు లేదు. సంతకం పెట్టేది ఏ దేశంలో రిజిస్టరైన కంపెనీతో, ఆ పేరేమిటి అని అడిగితే వాళ్లు ఎంత త్వరగా జవాబిస్తారో దాన్నిబట్టి సగం తెలిసిపోతుంది.

టెక్నికల్‌గా కూడా ఒక మాట. "ఐపీఎఫ్‌ఎస్‌లో పెట్టేస్తాం, శాశ్వతం" అన్నారని రాశారు, అంటే ఫైళ్లను పలు కంప్యూటర్లలో పంచి ఉంచే నెట్‌వర్కులో. మీకు నేను చెప్పక్కర్లేదు, ఎవరో ఒకరు పిన్ చేసి, అంటే తమ సర్వర్లో అట్టేపెట్టి, ఉంచితేనే ఆ ఫైలు ఉంటుంది. పిన్ చేసే సర్వర్‌కు కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారో వాళ్లు మానేసిన రోజున అడ్రసు మిగులుతుంది, ఫైలు ఉండదు. "మీ కంపెనీ మూతపడితే మర్నాటి నుంచి ఇవి ఎవరు పిన్ చేస్తారు?" అని వాళ్లనే అడగండి. దానికి మంచి జవాబు చెప్తే ఆ కంపెనీ మీద నాకూ గౌరవం పెరుగుతుంది.

అయినా ఈ పని మీద మనసుంటే ఇంకో పద్ధతి ఉంది. వాళ్లను నెలకు ఇన్ని గంటలని, టోకెన్లు లేకుండా పూర్తిగా మామూలు డబ్బుగా, చిన్న కన్సల్టెన్సీకి ఒప్పించగలరేమో చూడండి. కాలేజీ ద్వారా వస్తే మీ షీట్‌లో కన్సల్టెన్సీ గడి కూడా నిండుతుంది! కాలేజీకి కొంత వాటా పోతుంది, పోనివ్వండి. ఆర్నెల్లు వాళ్లతో పనిచేస్తే లోపల ఏముందో తెలుస్తుంది. కాలేజీకి తెలియకుండా మాత్రం చేయొద్దు.

నెదర్లాండ్స్ గురించి చదువుతుంటే ఆ పేరాలోనే మీ రాత కుదుటపడినట్టు కనిపించింది. ఆ దేశంలో 2019లోనే యూనివర్సిటీలు, నిధులిచ్చే సంస్థలు కలిసి, మనిషిని పేపర్ల లెక్కతోనే కొలవొద్దని ఒక మాట మీదికి వచ్చాయి. ఊట్రెక్ట్ యూనివర్సిటీ 2021లో నియామకాల్లో, జర్నల్ గొప్పను అంకెలో చెప్పే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ చూడటం మానేస్తామంది. రీసెర్చ్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అన్న పేరు 2012లో ఇంగ్లండ్‌లో పుట్టింది, మీలాంటివాళ్లకు గడి లేకపోవడం వల్లే. అక్కడ మీరు రాత్రిపూట చేసే పని పగటిపూట జీతానికి చేస్తారు. ఆ తేడా చిన్నది కాదు.

కానీ అది రెండేళ్ల కాంట్రాక్టు. మూడో ఏడు ఏమిటన్నది వాళ్లు చెప్పలేదు, మీరూ అడిగినట్టు లేదు. అడగండి. అక్కడ ఇల్లు దొరకడం చాలా కష్టంగా ఉంది, యూనివర్సిటీ మొదటి ఏడాదికైనా చూపిస్తుందేమో కనుక్కోండి. పాపకు అయిదేళ్లు నిండితే బడి తప్పనిసరి, ప్రభుత్వ బడుల్లో ఫీజు బెంగ ఉండదు, పాఠాలు మాత్రం డచ్చిలో. వీసా ఏ రకానిదో చూసుకోండి. హైలీ స్కిల్డ్ మైగ్రెంట్ అయితే మీవారు కూడా అక్కడ ఉద్యోగం చేసుకోవచ్చు. ఇక్కడి ఫ్లాట్ అద్దెకిస్తే ఈఎంఐలో ఎంత వస్తుందో మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కే బాగా తెలుస్తుంది. వెళ్లేముందు కాలేజీని రెండేళ్లు జీతం లేని సెలవు అడగండి, ఇవ్వకపోవచ్చు, ఇవ్వలేమని రాసిచ్చినా అదొక కాయితం. తిరిగొచ్చాక ఈ కాలేజీ ఉండకపోవచ్చు. రెంటికీ చెడ్డ రేవడి అవుతానేమోనని మీ భయం. ఆ భయంలో నిజం ఉంది, తీసెయ్యలేను. మీకు అక్కడ వచ్చే అనుభవాన్ని మనదేశంలో కొన్ని పరిశోధన సంస్థలు, పెద్ద కంపెనీల ల్యాబులు గుర్తిస్తాయి, మామూలు ఇంజనీరింగ్ కాలేజీలు గుర్తించవు. ఆ లెక్క వేసుకునే ఎక్కండి విమానం.

అత్తగారి సంగతి ఉత్తరంలో ఒక్క వాక్యంలో దాటేశారు. "ఆవిడ మా మరిది దగ్గరికి వెళ్తానంటున్నారు" అని. ఆవిడే అన్నారా, మీరే అనుకున్నారా?

ఇంకొక్కటి. ఉలిపికట్టెలా ఒక్కదాన్నే ఎదురీదాలని మీకు ఎక్కడో మనసులో ఉంది. వద్దమ్మా. 2001లో మెషిన్ లెర్నింగ్ అనే జర్నల్ నుంచి నలభై మంది ఎడిటర్లు ఒక్కసారే రాజీనామా చేసి, అందరికీ ఉచితంగా ఉండే జేఎమ్ఎల్ఆర్ వెనక నిలబడ్డారు. గొప్ప పని. కానీ వాళ్లు అప్పటికే పేరున్నవాళ్లు, చాలామందికి ఉద్యోగం కదిలేది కాదు, పైగా నలభై మంది. జూనియర్లు జీతం పణంగా పెట్టి త్యాగాలు చేయాలని చెప్పే సీనియర్లను నేను నమ్మను. అలాంటి ధైర్యం చేయాల్సింది మాలాంటి రిటైరయ్యే వయసువాళ్లు. మీ వంతు మీరు చేస్తూనే ఉన్నారు. మీ పేపర్ల ప్రీప్రింట్లు, అంటే జర్నల్లో రాకముందటి ప్రతులు, ఆర్కైవ్‌లో పెడుతున్నారు. దేశం మొత్తానికీ జర్నళ్లు కొనే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం 2025లో ప్రభుత్వ సంస్థలతోనే మొదలైంది, మరి మీ కాలేజీ పిల్లలకు ముప్పై డాలర్ల పేపరు ఎలా దొరుకుతుంది? మీలాంటివాళ్లు పెట్టిన ప్రీప్రింట్ వల్లే దొరుకుతుంది.

రాత్రి పని గురించి కూడా ఒక లెక్క. ఆ బ్రెజిల్ అబ్బాయికి థాంక్స్ చెప్పి ఊరుకున్నారా? అతనికి, ఇంకో ఇద్దరు నమ్మకస్తులకు రిపాజిటరీ బాధ్యత పంచండి. ప్రతి ప్రశ్నకూ మీరే జవాబు చెప్తూ, తాళంచెవి మీ ఒక్కరి చేతిలో పెట్టుకుని డీసెంట్రలైజ్డ్ సైన్స్ అంటే ఎలా?

మీరైతే ఏం చేస్తారని నన్నడుగుతారు కదా. నేనైతే డచ్చి వాళ్లకు మూడు వారాలు గడువు అడిగి, ఈలోగా జేఎమ్ఎల్ఆర్ పేపరు మొదలుపెట్టి, వాళ్ల జవాబులు చూసి తేల్చుకునేదాన్ని. కంపెనీని కన్సల్టెన్సీకి మించి దగ్గరికి రానిచ్చేదాన్ని కాదు. కానీ నాకు అయిదేళ్ల పాప లేదు, ఈఎంఐ తీరిపోయింది. మీవారు "నీ ఇష్టం" అన్నాక ఊరుకుంటున్నారంటే ఆయనకూ ఏదో లెక్క ఉంది. ఆదివారం పాపను అత్తగారికి అప్పగించి, ఇద్దరూ బయటికెళ్లి ఒక కాయితం మీద మూడు దారులకూ నెలనెలా వచ్చేదీ పోయేదీ వేయండి. ఆ కాయితం మీద ఆయన రాత కూడా ఉండాలి.

సోమవారం మీటింగ్‌కు వెళ్లేటప్పుడు గిట్ లాగ్ ప్రింటు, కొత్త గడి ప్రతిపాదన రెండేసి కాపీలు పట్టుకెళ్లండి. పేటెంట్ గురించి గట్టిగా మాట్లాడొద్దు. "సార్, ఇది ఏడేళ్లుగా బయట ఉంది, కొత్తదనం లేదని కొట్టేస్తారు, కాలేజీకి మాటొస్తుంది. దీని బదులు ఈ ఏడు సాఫ్ట్‌వేర్ పేపరు ఒకటి ఇస్తాను, కాలేజీ పేరుతోనే వస్తుంది" అనండి. ఆయనకు కావలసిన అంకె అందులో ఉంది. రెండో కాపీ మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి.